పడమటి ఎండకు తగిన తెర

హైదరాబాద్‌లోని మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ, కోకాపేట, తెల్లాపూర్ ప్రాంతాల్లో కొత్తగా లేస్తున్న అపార్టుమెంట్లలో గోడ తగ్గి గాజు పెరిగింది. హాల్లోంచి బాల్కనీలోకి నేల దాకా జారే గాజు తలుపు, పడకగదిలో ఆరడుగుల వెడల్పు కిటికీ మామూలైపోయాయి. పాత పెంకుటింటి కిటికీకి చెక్క రెక్కలుండేవి. ఎండ ముదిరితే రెక్క మూసేవారు, పొద్దు వాలాక తీసేవారు. ఇప్పటి యూపీవీసీ కిటికీకి గాజు ఉంది, దోమల జాలీ ఉంది, రెక్క లేదు. వెలుతురునీ వేడినీ ఎదుటి టవర్ నుంచి వచ్చే చూపునీ అదుపు చేసే పనంతా లోపల కట్టే తెర మీదే పడింది. ఇంటి అలంకరణకు సంబంధించిన విషయంగా చూసి, సోఫా రంగుకు కలిసే బ్లైండ్లు ఎంచుకుని ఊరుకుంటే ఆ పని సగమే జరుగుతుంది. కిటికీ ఏ దిక్కున ఉంది, ఆ గదిని ఏ వేళల్లో వాడతారు అన్నవి మొదట తేలాలి. రంగు సంగతి ఆ తర్వాతే.

ఈ ప్రాంతంలో గాజు మోజు ఆఫీసులతో మొదలైంది. 1998 నవంబరు 22న అప్పటి ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. ఆ తర్వాత వరసగా వచ్చిన ఐటీ భవనాల్లో చాలావాటికి నిలువెల్లా గాజు గోడలే. వాటిలో పనిచేసేవారి ఇళ్లు కూడా క్రమంగా అదే దారి పట్టాయి. అయితే పెద్ద ఆఫీసు భవనానికి వాడే గాజు సాధారణంగా వేడిని తిప్పికొట్టే పూత పూసినదో, రెండు పొరలదో అయి ఉంటుంది. పైగా అక్కడ ఏసీ రోజంతా నడుస్తుంది. ఇంటి కిటికీకి ఎక్కువగా బిగించేది ఒంటి పొర గాజు. ఆ గాజు ఏ రకమో ముందే బిల్డరును అడిగి తెలుసుకుంటే బ్లైండు మీద ఎంత భారం పడుతుందో అర్థమవుతుంది.

ఇక సూర్యుడి సంగతి. హైదరాబాద్ భూమధ్యరేఖకు ఉత్తరంగా దాదాపు 17.4 డిగ్రీల దూరంలో ఉంది. మకర, కర్కాటక రేఖల మధ్య ఉన్న ఊళ్లన్నిటికీ లాగే ఇక్కడా ఏడాదికి రెండుసార్లు సూర్యుడు సరిగ్గా నడినెత్తిన నిలుస్తాడు. మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 3 ప్రాంతంలో మరోసారి. ఆ రోజుల్లో మధ్యాహ్నం పన్నెండుంపావు వేళకు నిటారుగా పాతిన కర్రకు నీడ ఉండదు. ఈ రెండు తేదీల మధ్య మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు. మిగిలిన తొమ్మిది నెలలూ దక్షిణంగా ఉంటాడు.

కిటికీల మీద దీని ప్రభావం చాలామంది అనుకునే దానికి భిన్నంగా ఉంటుంది. దక్షిణపు కిటికీ అంటే భయపడతారు. మండే మే నెలలో ఆ కిటికీ మీద నేరుగా పడే ఎండ చాలా తక్కువ. దానికి రెండడుగుల సజ్జా ఉంటే మార్చి నెలాఖరులో మధ్యాహ్నం వేళ ఆ నీడ ఆరడుగులకు పైగానే కిందికి దిగుతుంది. అంటే కిటికీ మొత్తం నీడలోనే ఉంటుంది. డిసెంబరు చివర్లో సూర్యుడు వంగినప్పుడు అదే సజ్జా నీడ రెండడుగుల చిల్లరే దిగుతుంది, ఎండ గదిలోకి వస్తుంది. చలికాలపు ఎండ కాబట్టి దాంతో ఇబ్బంది లేదు. ఉత్తరపు కిటికీకి ఎండే రాదన్న నమ్మకం కూడా పూర్తిగా నిజం కాదు. మే నుంచి జులై దాకా పొద్దున, సాయంత్రం వేళల్లో ఏటవాలు ఎండ ఆ వైపు గోడను తాకుతుంది. అది తేలికపాటిదే, పలచని తెరతో సరిపోతుంది.

తూర్పు, పడమర కిటికీలతోనే అసలు చిక్కు. ఆ రెండు వైపులా సూర్యుడు కిందుగా, ఎదురుగా వస్తాడు. మే నెల మధ్యలో సాయంత్రం నాలుగింటికి సూర్యుడు దిగంతానికి దాదాపు 36 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. ఆ కోణంలో రెండడుగుల సజ్జా పడమటి కిటికీ మీద వేసే నీడ అడుగున్నర లోపే. అయిదింటికి అది అడుగైనా ఉండదు. అంటే పడమటి కిటికీకి ఆ వేళ సజ్జా ఉన్నా లేనట్టే. తూర్పు కిటికీకి కూడా కోణాలు అవే. కాకపోతే పొద్దున్నే గాలి చల్లగా ఉంటుంది, రాత్రంతా గోడలు చల్లారి ఉంటాయి. పడమటి ఎండ వచ్చేసరికి ఊరంతా వేడెక్కి ఉంటుంది. హైదరాబాద్‌లో నమోదైన అత్యధిక ఉష్ణోగ్రత 45.5 డిగ్రీలు, 1966 జూన్ 2న. అంత కాకపోయినా ఏటా ఏప్రిల్, మే నెలల్లో నలభై దాటే రోజులు వస్తూనే ఉంటాయి.

ఆ వేడి ఎంతో అంకెల్లో చూస్తే తెర విలువ తెలుస్తుంది. మబ్బులేని వేసవి సాయంత్రం పడమటి గోడ మీద చదరపు మీటరుకు సుమారు 500 నుంచి 600 వాట్ల సౌరశక్తి పడుతుంది. ఆరడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు కిటికీ విస్తీర్ణం రెండు చదరపు మీటర్లకు కొంచెం ఎక్కువ. మామూలు గాజు అందులో అయిదింట నాలుగు వంతులను లోపలికి వదిలేస్తుంది. అంటే ఒక్క కిటికీ గుండా దాదాపు ఒక కిలోవాట్ వేడి. ఎండాకాలం సాయంత్రం గదిలో గది హీటరు వెలిగించి, దాని పక్కనే ఏసీ నడిపినట్టు. ఒక టన్ను ఏసీ గదిలోంచి తీయగలిగే వేడి మూడున్నర కిలోవాట్లు. అందులో పావు వంతుకు పైగా ఆ కిటికీకే ఖర్చయిపోతుంది. స్టార్ గుర్తున్న గది ఏసీలన్నీ 2020 జనవరి 1 నుంచి 24 డిగ్రీల దగ్గరే మొదలవ్వాలన్న నిబంధన వచ్చింది. పడమటి కిటికీకి తగిన తెర లేని గదిలో ఆ 24 దగ్గర హాయి దొరకదు, చెయ్యి రిమోట్ మీదికి వెళుతుంది.

లోపల కట్టిన తెర ఆ వేడిని పూర్తిగా ఆపలేదు, ఎందుకో తెలుసుకోవాలి. ఎండ గాజును దాటి వచ్చి తెరను తాకుతుంది. తెర లేత రంగుదైతే, ముఖ్యంగా గాజు వైపు తెల్లగానో వెండి పూతతోనో ఉంటే, ఎండలో కొంత భాగం వెలుగు రూపంలోనే గాజు గుండా వెనక్కి పోతుంది. ముదురు రంగుదైతే తెర ఎండను పీల్చుకుని తానే వేడెక్కుతుంది. వేడెక్కిన తెర వెదజల్లే ఉష్ణ కిరణాలు గాజును దాటలేవు, అవి గదిలోనే ఉండిపోతాయి. అమెరికా ఇంధన శాఖ అంచనా ప్రకారం, ఎండను బాగా తిప్పికొట్టే బ్లైండ్లను పూర్తిగా దించి మూస్తే కిటికీ నుంచి వచ్చే వేడి 45 శాతం దాకా తగ్గుతుంది. పడమటి కిటికీకి బయటివైపు గుడ్డతో పందిరిలాంటి నీడ ఏర్పాటు చేస్తే 77 శాతం దాకా తగ్గుతుంది. గాజును తాకకముందే ఎండను ఆపడంలో ఉన్న లాభం అది.

మన పాత ఇళ్లలో ఈ సంగతి తెలిసిన ఏర్పాట్లే ఉండేవి. వసారా అంచున వేలాడే వెదురు తడికలు, వేసవిలో నీళ్లు చల్లి తడిపే వట్టివేళ్ల తడికలు అన్నీ బయటే ఉండేవి. హైటెక్ సిటీకి దగ్గర్లోనే ఉన్న సీఐఐ సోహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్‌లో గోడలకు జాలీలు కట్టారు. వెలుతురును లోపలికి రానిస్తూ ఎండ వేడిని తగ్గించేందుకు పాత నిర్మాణ పద్ధతిని అక్కడ తిరిగి వాడారు. అమెరికా బయట, హరిత భవనాలకిచ్చే లీడ్ ప్లాటినం గుర్తింపు పొందిన మొదటి భవనం అది. 2004 జులై 14న అప్పటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం దాన్ని ప్రారంభించారు. 2018 డిసెంబరు 14న కేంద్రం విడుదల చేసిన ఎకో నివాస్ సంహిత, అంటే నివాస భవనాల ఇంధన పొదుపు నియమావళి, కూడా కిటికీకి బయట ఉన్న సజ్జాలు, పక్క అడ్డాల నీడనే లెక్కలోకి తీసుకుంటుంది. లోపలి తెర ఆ లెక్కలోకి రాదు.

కాబట్టి పడమటి వైపు బాల్కనీ ఉన్న ఇంటికి మొదటి రక్షణ ఆ బాల్కనీ అంచునే ఉండాలి. వెదురు చిక్ దించుకోవచ్చు. ఖర్చు పెట్టగలిగితే జిప్ స్క్రీన్ పెట్టించుకోవచ్చు. జిప్ స్క్రీన్‌లో గుడ్డ అంచులు రెండు పక్కలా ఉండే అల్యూమినియం గాడిలో ఇరుక్కుని ఉంటాయి, గాలికి ఎగరవు. పై అంతస్తులకు ఇది చాలా ముఖ్యం. మే నెల సాయంత్రాల్లో ఒక్కసారిగా విరుచుకుపడే ఈదురుగాలికి ఇరవయ్యో అంతస్తు బాల్కనీలో వదులుగా వేలాడే చిక్ చిరిగిపోవచ్చు, తెగి కింద నడిచేవారి మీద కూడా పడవచ్చు. బయట ఏదైనా కట్టే ముందు అపార్టుమెంట్ అసోసియేషన్ నియమాలు చూడాలి. చాలా గేటెడ్ కమ్యూనిటీల్లో బయటికి కనబడే రంగు ఒకేలా ఉండాలంటారు, కొన్ని బాల్కనీకి తెరలే వద్దంటాయి. బయట కుదరనప్పుడే లోపలి బ్లైండ్ల మీద ఆధారపడాలి.

లోపలి బ్లైండ్లలో రోలర్ రకం అన్నిటికన్నా సాదా. పైన ఒక గొట్టం, దానికి చుట్టుకునే గుడ్డ, పక్కన లాగే గొలుసు. దుమ్ము పట్టే మడతలు లేవు, చుట్టేస్తే కిటికీ మొత్తం తెరుచుకుంటుంది. దీనికి వాడే గుడ్డలు మూడు తరగతులు. వల లాంటి సన్‌స్క్రీన్ గుడ్డ, వెలుతురు మసగ్గా వచ్చే డిమ్‌అవుట్, వెలుతురే రాని బ్లాక్‌అవుట్. సన్‌స్క్రీన్ గుడ్డకు ఒక శాతం, మూడు శాతం, అయిదు శాతం అని గుర్తులుంటాయి. నేతలో ఎంత భాగం ఖాళీ రంధ్రాలున్నాయో ఆ శాతం చెబుతుంది. పడమటి కిటికీకి ఒకటి, మూడు శాతాల మధ్యది చాలు. ఉత్తరపు కిటికీకి అయిదు, పది అయినా ఫర్వాలేదు. లోపల ముదురు రంగు ఉన్న వలలోంచి బయటి దృశ్యం స్పష్టంగా కనిపిస్తుంది, కళ్లకు మిరుమిట్లు తగ్గుతాయి. తెల్లటి వల ఎండలో తానే వెలిగిపోయి బయటి దృశ్యాన్ని చెరిపేస్తుంది. వేడి ఆపడానికి తెలుపు మేలు, చూపుకు ముదురు మేలు. బయటివైపు తెలుపో వెండి పూతో, లోపల బూడిద రంగో ఉన్న రెండు రంగుల గుడ్డ ఈ చిక్కు విప్పుతుంది. పడమర, తూర్పు వైపులకు కాస్త ధర ఎక్కువైనా ఇదే కొనదగ్గది.

జీబ్రా బ్లైండ్లు ఈ మధ్య హైదరాబాద్ ఇళ్లలో విరివిగా కనిపిస్తున్నాయి. వీటిలో గుడ్డ రెండు పొరలుగా వేలాడుతుంది. ప్రతి పొరలోనూ ఒక పట్టీ దట్టం, ఒక పట్టీ పలచన. గొలుసు లాగితే ముందు పొర కిందికి జరుగుతూ వెనక పొర పైకి వెళుతుంది. దట్టమైన పట్టీలు ఒకదాని ఎదుట ఒకటి వచ్చినప్పుడు వాటి మధ్యనున్న పలచని పట్టీలూ ఎదురెదురవుతాయి, వెలుతురు వస్తుంది. అర పట్టీ జరిపితే దట్టం ఎదుట పలచన వచ్చి తెర మూసుకుంటుంది. హాలుకు ఇది చక్కని ఎంపిక. చీకటి కావలసిన పడకగదికి మాత్రం కాదు. పట్టీలు కలిసే అంచుల దగ్గర సన్నని వెలుతురు గీతలు మిగిలిపోతాయి.

వెనీషియన్ బ్లైండ్లు అడ్డపు పలకలవి. వీటికున్న సదుపాయం మరో రకానికి లేదు. పలకను కొంచెం వంచితే ఎండ నేల మీద పడకుండా పైకప్పుకు తగిలి గదంతా మెత్తగా పరుచుకుంటుంది, గాలీ ఆడుతుంది. పగలంతా తెర దించేసి ట్యూబ్‌లైట్లు వేసుకునే దుస్థితి తప్పించేది ఇవే. కానీ ప్రతి పలక మీదా దుమ్ము నిలుస్తుంది. కోకాపేట, నార్సింగి, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ వైపు ఏ కిటికీ తెరిచినా చుట్టూ కట్టడాల దుమ్మే, కొండరాళ్లు తొలిచే పొడే. వారానికోసారి పలకలు తుడిచే ఓపిక ఉన్నవారే వీటిని పెట్టుకోవాలి. వర్టికల్ బ్లైండ్ల పలకలు నిలువుగా వేలాడతాయి కాబట్టి దుమ్ము అంతగా నిలవదు. ఆఫీసు వాలకం వస్తుందని ఇళ్లలో వాడరు గానీ వెడల్పాటి బాల్కనీ తలుపుకు అవి బాగా నప్పుతాయి.

బాల్కనీ తలుపు విషయంలో ఒక తప్పు తరచుగా కనిపిస్తుంది. పది అడుగుల జారే తలుపుకు ఒకే రోలర్ బ్లైండు పెట్టిస్తారు. బట్టలు ఆరేయడానికి, తులసి కుండీకి నీళ్లు పోయడానికి రోజుకు ఎన్నిసార్లు ఆ తలుపు దాటాలో లెక్కపెట్టరు. దాటిన ప్రతిసారీ అంత తెరనూ పైకి చుట్టాలి. పైగా అంత వెడల్పు గొట్టం మధ్యలో కుంగుతుంది, గుడ్డ ముడతలు పడుతుంది, చుట్టేటప్పుడు ఒక పక్కకు జరిగి అంచు నలుగుతుంది. అక్కడ పక్కకు జరిగే తెర కావాలి. వర్టికల్ బ్లైండు గానీ, పట్టాలో నడిచే మామూలు కర్టెన్ గానీ. రోలరే కావాలనుకుంటే రెండు ముక్కలుగా చేయించి, నడిచే వైపు ముక్కను విడిగా ఎత్తేలా చూసుకోవాలి.

వంటగది చాలా ఇళ్లలో వాస్తు ప్రకారం ఆగ్నేయంలో ఉంటుంది, పొద్దుటి ఎండ అక్కడికి చేరుతుంది. పోపు పొగా నూనె జిడ్డూ గుడ్డకు పడితే వదలవు. తడిగుడ్డతో తుడవగలిగే అల్యూమినియం వెనీషియన్ గానీ, పీవీసీ పూత ఉన్న రోలర్ గానీ అక్కడ వాడాలి. పొయ్యికి దగ్గర్లో ఉన్న కిటికీకి గుడ్డ అసలు వద్దు. స్నానాల గదికీ పీవీసీయే మేలు. నిజం చెక్క పలకలు తేమకు వంగుతాయి.

వాస్తు మరో గదినీ నిర్ణయిస్తుంది. ఇంటి యజమాని పడకగది నైరుతి మూలన ఉండాలంటారు. అంటే ఆ గది కిటికీలు దక్షిణానికో పడమటికో తెరుచుకుంటాయి. ఇంట్లో అందరికన్నా నిద్ర అవసరమైనవారు సాయంత్రానికల్లా బాగా కాగిన గదిలో పడుకోవాల్సి వస్తుంది. ఈ గదికి పడమటి కిటికీ ఉంటే మంచి బ్లైండు దానికే కేటాయించాలి, దక్షిణపు కిటికీకి ఓ మోస్తరుది సరిపోతుంది. పడమటి గోడే వేడెక్కి రాత్రి దాకా వదిలే వేడిని మాత్రం ఏ బ్లైండూ ఆపలేదు.

ఐటీ కారిడార్‌లో పడకగది తెరకు మరో ప్రత్యేకమైన బాధ్యత ఉంది. అమెరికా వేళలకు పనిచేసేవారు అర్ధరాత్రి దాటాకో తెల్లవారుజామునో ఇల్లు చేరి పగలు నిద్రపోతారు. మే నెలాఖరులో హైదరాబాద్‌లో ఆరు గంటల లోపే తెల్లవారుతుంది. నిద్రకు తోడ్పడే మెలటోనిన్ విడుదలను వెలుతురు అడ్డుకుంటుంది. అలాంటివారికి బ్లాక్‌అవుట్ గుడ్డ అవసరం. గుడ్డ ఒక్కటీ చాలదు. రోలర్ బ్లైండ్లలో గొట్టాన్ని పట్టే క్లిప్పులకు చోటు కావాలి కనుక గుడ్డ రెండు పక్కలా వేలి మందాన తగ్గి ఉంటుంది. కిటికీ చట్రం లోపల బిగిస్తే ఆ సందుల్లోంచి నిలువు గీతలుగా పడే ఎండ నేరుగా మొహం మీదికి వస్తుంది. బ్లైండును చట్రం బయట, గోడ మీద, కిటికీ కన్నా ఇరువైపులా మూడు నాలుగు అంగుళాలు ఎక్కువ వెడల్పుతో బిగిస్తే ఇది తప్పుతుంది. పైన పెల్మెట్, పక్కన గాడి ఉంటే ఇంకా మంచిది. గుడ్డ నిజంగా బ్లాక్‌అవుట్ అవునో కాదో దుకాణంలోనే తేల్చుకోవచ్చు. నమూనా ముక్క వెనక ఫోన్ టార్చ్ ఆనించి చూడాలి. చుక్కంత వెలుగు కనిపించినా అది డిమ్‌అవుట్ కిందే లెక్క.

ఇంట్లోనే పని చేసుకునేవారు బ్లైండు ఎంచుకునే ముందు బల్లను జరపాలి. కిటికీ వీపు వెనక ఉంటే దాని ప్రతిబింబం కంప్యూటర్ తెర మీద పడుతుంది. ఎదురుగా ఉంటే కళ్లు చెదురుతాయి, వీడియో కాల్‌లో మొహం నల్లబడే బాధ మాత్రం ఉండదు. కిటికీ పక్కన ఉండేలా బల్ల వేసుకుని మూడు శాతం ముదురు సన్‌స్క్రీన్ దించుకుంటే పగలంతా దీపం అక్కర్లేకుండా పని సాగుతుంది.

సన్‌స్క్రీన్ గుడ్డ నమ్మినవారు రాత్రి సంగతి మరిచిపోకూడదు. వెలుతురు ఎటు ఎక్కువ ఉంటే అటున్నది కనిపిస్తుంది. పగలు లోపలివారికి బయట కనబడుతుంది, బయటివారికి లోపల కనబడదు. దీపాలు వెలిగాక అంతా తారుమారు. టవర్లు ఎదురెదురుగా ఉన్న చోట పడకగదికి వల గుడ్డతో పాటు రెండో పొరగా దట్టమైన కర్టెన్ కూడా తప్పనిసరి. ఒకే బ్రాకెట్‌లో రెండు గొట్టాలుండే జంట రోలర్లు కూడా దొరుకుతాయి.

కొలతల దగ్గర పొరపాటు జరిగితే సరుకు వెనక్కి తీసుకోరు. ఉక్కు టేపుతోనే కొలవాలి, గుడ్డ టేపు సాగుతుంది. చట్రం లోపల బిగించేదైతే వెడల్పును పైన, మధ్యన, కింద మూడు చోట్ల కొలిచి అన్నిటికన్నా తక్కువ వచ్చింది రాసుకోవాలి. కొత్త ఇళ్లలో కూడా పై కొలతకూ కింది కొలతకూ సూత్ (అంగుళంలో ఎనిమిదో వంతు), రెండు సూత్‌లు తేడా రావడం సహజం. చట్రం ఎంత లోతుందో, కిటికీ పిడి ఎంత ముందుకు పొడుచుకొచ్చిందో, లోపలివైపు గ్రిల్ ఉందో లేదో చూడాలి. గ్రిల్, జాలీ బిగించాకే కొలవాలి, ముందు కొలిస్తే ఆ తర్వాత బ్లైండు వాటికి ఒరుసుకుంటుంది.

కొత్త టవర్లలో చాలా గోడలు ఇటుకవి కావు, అల్యూమినియం అచ్చుల్లో పోసిన కాంక్రీటువి. మైవాన్ అంటే హైదరాబాద్‌లో అందరికీ అర్థమవుతుంది. వీటికి హ్యామర్ డ్రిల్లు కావాలి, లేకపోతే స్క్రూ పట్టే గిట్టీ సగం దిగి ఆగిపోతుంది. ఫాల్స్ సీలింగ్ ఉంటే మరో జాగ్రత్త. జిప్సం పలక బ్లైండు బరువు మోయదు. తెర వచ్చే చోట లోపల ప్లైవుడ్ పట్టీ పెట్టమని సీలింగ్ పని మొదలవకముందే చెప్పాలి. మోటారు బ్లైండ్లు అనుకుంటే కరెంటు పాయింటు కూడా అప్పుడే తీయించాలి. తర్వాత తీయాలంటే రంగు వేసిన గోడ పగలగొట్టాలి. ఛార్జింగ్ బ్యాటరీతో నడిచే మోటార్లూ ఉన్నాయి. చెయ్యి అందని ఎత్తు కిటికీలకు అవి పనికొస్తాయి. అందే కిటికీలకు గొలుసే మన్నిక.

ఆ గొలుసు విషయంలో పసిపిల్లలున్న ఇళ్లు రాజీ పడకూడదు. ఉచ్చులా వేలాడే గొలుసో తాడో మెడకు చుట్టుకుని చిన్నపిల్లలు చనిపోయిన ఘటనలు అనేక దేశాల్లో జరిగాయి. క్షణాల్లో, చప్పుడు లేకుండా జరిగిపోయే ప్రమాదమిది. అమెరికాలో పరిశ్రమ ప్రమాణాల ప్రకారం దుకాణంలో సిద్ధంగా దొరికే బ్లైండ్లకు 2018 డిసెంబరు నుంచి, కొలతలిచ్చి చేయించుకునే వాటికి 2024 జూన్ నుంచి పిల్లలకు అందే తాళ్లు ఉండకూడదు. యూరప్ ప్రమాణంలో తాడు నేలకు ఒకటిన్నర మీటర్ల పైనే ఆగాలని ఉంది. ఇక్కడ కొనేటప్పుడు అడిగి తీసుకోవాల్సింది కొనేవారే. తాడు లేకుండా స్ప్రింగుతో నడిచేవి దొరుకుతాయి. గొలుసు తప్పదంటే దాన్ని బిగుతుగా గోడకు పట్టి ఉంచే క్లిప్పు బిగించాల్సిందే. క్లిప్పు పెట్టెలోనే వస్తుంది, బిగించేవారు చాలాసార్లు దాన్ని వదిలేసి వెళతారు. బిగించే దాకా వారిని కదలనివ్వకూడదు. ఊయల, మంచం, సోఫా కిటికీ కింద ఉంచకూడదు.

శుభ్రం చేయడం కష్టం కాదు. రోలర్ గుడ్డను వాక్యూమ్ క్లీనర్ మెత్తటి బ్రష్‌తో పై నుంచి కిందికి తుడిస్తే చాలు. నీళ్లలో నానబెడితే వెనకనున్న పూత ఊడి బ్లాక్‌అవుట్ కాస్తా జల్లెడ అవుతుంది. మడతలు మడతలుగా పైకి లేచే రోమన్ బ్లైండ్లకు ఆ మడతల్లో వానాకాలం బూజు పడుతుంది, అప్పుడప్పుడు పూర్తిగా దించి ఆరనివ్వాలి.

దుకాణాల్లో ధర చదరపు అడుగు లెక్కన చెబుతారు. చిన్న కిటికీకి కూడా కనీస విస్తీర్ణం అంటూ ఎక్కువ అడుగులు కట్టించుకోవడం పరిపాటి. ఆ కనీసం ఎంతో, అమరిక ఖర్చు విడిగా ఉందో కలిసిందో ముందే రాయించుకోవాలి. అరచేతిలో పట్టే నమూనా ముక్క చూసి గుడ్డ ఎంచడం మంచిది కాదు. పెద్ద ముక్క ఇంటికి తెచ్చి, ఆ కిటికీకే సాయంత్రం నాలుగింటికి ఒకసారి, రాత్రి దీపాలు వేశాక ఒకసారి పట్టి చూడాలి. ఇల్లంతా ఒకేరకం అంటే తగ్గింపు ఇస్తామన్న మాటకు లొంగాల్సిన పనిలేదు. డబ్బు అన్ని కిటికీలకూ ఒకేసారి సరిపోకపోతే మొదట పడమటి కిటికీకి, తర్వాత పగటి నిద్ర ఉన్న గదికి, ఆ తర్వాత తూర్పు వైపుకు పెట్టాలి. దక్షిణపు కిటికీ డిసెంబరు దాకా ఆగగలదు. ఉత్తరపు కిటికీకి పాత పంచె కట్టినా ఏడాది గడుస్తుంది.